సొన తగలని బొటనవేలు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. నా కూతురికి 'నాన్న' అనే మాట వచ్చేసరికి ఆ నాన్న జైల్లో ఉండటం.

షాలోమికి తొమ్మిదో నెల. ఇవాళో రేపో మాట పలికేలా ఉంది. నా భర్త మార్టిన్‌ని కస్టమ్స్ ఆఫీసర్లకి అప్పగించేది కూడా ఇవాళే. సాయంత్రం వాళ్లు విజయవాడ నుంచి వస్తారు. వాళ్లొచ్చేలోపు ఆయన మీద ఫిర్యాదు తయారై, సంతకమై, కవర్లో పడి ఉంటుంది. ఆ కవరు వాళ్ల చేతికి వెళ్లకూడదు. నాకు తెలిసిందల్లా అంతే.

అందుకే ఈ సోమవారం పొద్దున్నే పాపని చంకనేసుకుని, డిటెక్టివ్ జగదాంబ గారి వెనకాల, నూజివీడులో ఆయన పనిచేసే పళ్ల కంపెనీ ఆఫీసు మెట్లెక్కాను.

జగదాంబ గారిది ఏలూరు. ఇన్సూరెన్స్ వాళ్ల తరఫున తగలబడిన గోడౌన్లు చూసి, అవి కాలాయా, కాల్చారా అని తేల్చే ఉద్యోగం చేసేవారు. అది మానేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నారు. యాభై దాటిన మనిషి. నేత చీర, కాళ్లకి స్పోర్ట్స్ బూట్లు, బుగ్గలో లవంగం.

"నువ్వు ఏడవకు," అన్నారు మెట్ల మీద. "నువ్వేడిస్తే పాప ఏడుస్తుంది. పాప ఏడిస్తే నాకు మాటలు వినపడవు. నాకు వినపడకపోతే నష్టం మీ ఆయనకి."

తలుపు దగ్గరే అడ్డం నిలబడ్డాడు వెంకటకృష్ణారావు. కంపెనీ వాళ్లు హైదరాబాద్ నుంచి పిలిపించుకున్న ప్రైవేటు పరిశోధకుడు. శుక్రవారం దిగి, ఆదివారానికల్లా మా ఆయన్ని దొంగని చేసి కూర్చున్నాడు.

"ఆవకాయల రోజులు కదండీ అమ్మగారూ. ఇంట్లో పని వదులుకుని ఈ ఎండలో ఎందుకొచ్చారు? కేసు అయిపోయింది."

"అయిపోయిన కేసుకి మీరింకా ఇక్కడే ఉన్నారేంటి రావు గారూ? టిఫిన్ బాగుంటుందా?"

ఆయన వెనకాల ఎవరో నవ్వు ఆపుకున్నారు. మేనేజర్ వినోద్ గారు. నాకు ఈ ఆఫీసులో ఎదురుపడితే నవ్వే మనిషి ఆయనొక్కరే. శుక్రవారం నుంచి రోజూ ఫోన్ చేసి, "మార్టిన్‌ని తప్పు ఒప్పేసుకోమనండి చెల్లెమ్మా, పైవాళ్లతో నేను మాట్లాడి శిక్ష తగ్గించేలా చూస్తాను" అని ధైర్యం చెప్పేవారు. ఇప్పుడు కూడా ముందుకొచ్చి పాప బుగ్గ తట్టి, "లోపల ఏసీ ఉంది, అక్కడ కూర్చోండి" అన్నారు.

అద్దాల గదిలో మా ఆయన ఒక్కరే కూర్చుని ఉన్నారు. గడ్డం పెరిగింది. పాపని చూసి చేతులు చాపబోయి, నా ముఖం చూసి ఆగిపోయారు.

జగదాంబ గారు ఎదురుగా కుర్చీ లాక్కున్నారు. "నాకు కస్టమ్స్ గురించి ఏమీ తెలీదు, ఆవకాయే తెలుసు అని రావు గారు సెలవిచ్చారు. అలాగే అనుకుని మొదట్నుంచి చెప్పు బాబూ."

"ఓడలో వచ్చే ప్రతి సరుకుకీ కస్టమ్స్‌కి కంప్యూటర్లో దిగుమతి ప్రకటన పెట్టాలండి," అన్నారు ఆయన. "అందులో ఒక గడి ఉంటుంది, ఈ సరుకుకి లైసెన్సు కావాలా, అక్కర్లేదా అని. కావాలంటే లైసెన్సు నంబరు వెయ్యాలి. అక్కర్లేదంటే ఎందుకు అక్కర్లేదో చెప్పే కోడ్ వెయ్యాలి. మినహాయింపు కోడ్ అంటాం. ఈమధ్య ఆ కోడ్లన్నీ మార్చేశారండి. పాతవి తీసేసి కొత్తవి ఇచ్చారు. అప్పటికే పెట్టిన ప్రకటనల్లో కూడా దిద్దుకోమని గడువిచ్చారు. ఆ గడువు అయ్యేదాకా ఎవరు ఏ కోడ్ మార్చినా సిస్టమ్ అడ్డు చెప్పదు."

"అంటే ఇంటికి వెల్ల వేయించుకునే రోజన్నమాట. సామాన్లన్నీ వీధిలో ఉంటాయి. ఎవడు ఏది మోసుకెళ్లినా సర్దుతున్నాడనే అనుకుంటారు."

"అంతేనండి. మాకొచ్చిన సరుకు కార్బైడ్. వెల్డింగ్ గ్యాసు కోసమని తెప్పించారు. దానికి లైసెన్సు లేకుండా వీల్లేదు. నేను 'లైసెన్సు కావాలి' అనే వేశాను. గురువారం మధ్యాహ్నం ఎవరో నా పేరు మీద లోపలికెళ్లి అది చెరిపేసి, అక్కర్లేదనే కొత్త కోడ్ వేశారు. సరుకు రేవు దాటేసింది. శుక్రవారం దారిలో పట్టుకున్నారు."

కార్బైడ్ అంటే నూజివీడులో ఎవరికీ వెల్డింగ్ గుర్తురాదు. కసురుకాయని ఒక్క రాత్రిలో పసుపుపచ్చగా మార్చే రాళ్లు. పళ్లకి వాడకూడదని నిషేధం. తడి తగిలితే గ్యాసు వదులుతుంది, ఆ గ్యాసుకి నిప్పు తగిలితే ఇల్లు లేచిపోతుంది. ఇవన్నీ మా దగ్గర బడికెళ్లని పిల్లలకి కూడా తెలుసు.

"గురువారం మధ్యాహ్నం నువ్వెక్కడున్నావు?"

"కింద గోడౌన్లో పెట్టెలు సర్దుతున్నానండి. ఒక్కడినే."

"చూసినవాళ్లు లేరు. సరే. కంప్యూటర్ లోపలికి వెళ్లాలంటే ఏం కావాలి?"

"బొటనవేలండి. మెషిన్ మీద పెట్టాలి. వేలు పడకపోతే పిన్ నంబరు కొట్టాలి."

"నువ్వు చేరినరోజు నీ వేలు ఎక్కించింది ఎవరు?"

"వినోద్ సారేనండి. ఎలా పెట్టాలో ముందు ఆయన పెట్టి చూపించారు. తర్వాత నాది పెట్టించారు."

జగదాంబ గారు లవంగాన్ని ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చుకున్నారు. "చెయ్యి చూపించు."

ఆయన చూపించారు. మణికట్టు మీద, వేళ్ల సందుల్లో గోధుమరంగు మచ్చలు. కుడి బొటనవేలి మెత్త మాత్రం గులాబీరంగులో, మా పాప మడమలాగా నున్నగా ఉంది.

"సొనండి," అన్నాను నేను. అప్పటిదాకా నోరు విప్పలేదు. "నిన్న కాదు, అటు ఆదివారం విస్సన్నపేటలో మా నాన్న చిన్నరాయప్ప కౌలుకి తీసుకున్న మామిడితోటలో కోత. మనుషులు చాలలేదు. ఈయన కూడా కూర్చుని కాయలకి తొడిమలు విరిచి బోర్లించారు. అలా బోర్లిస్తే సొన కారిపోతుందండి, లేకపోతే కాయ మీద నల్లచార పడి మార్కెట్లో ఎవరూ తీసుకోరు. ఈయనవి కీబోర్డు చేతులు. ఆ రోజు మంట అన్నారు. సోమవారం బొబ్బలెక్కాయి. మంగళవారం తోలు ఊడొచ్చింది."

"సోమవారం మెషిన్‌లో వేలు పడిందా?"

"పడిందండి," అన్నారు మా ఆయన. "మంగళవారం నుంచి పడలేదు."

"ఈ ముక్క రావు గారికి చెప్పావా?"

"చెప్పానండి. 'సొన సంగతి నాకెందుకు' అన్నారు."

జగదాంబ గారు లేచి తిన్నగా మా ఆయన బల్ల దగ్గరికి వెళ్లారు. వేలిముద్ర మెషిన్ కంప్యూటర్ పక్కనే తాడు కట్టి ఉంది. దాన్ని వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశారు. పక్క సీటులో ఉన్న సింధు అనే అమ్మాయి కుర్చీలోంచి సగం లేచింది.

"కూర్చోమ్మా. నువ్వు ఈ మెషిన్ చూసుకునే అమ్మాయివేనా? మార్టిన్ పోయిన వారంలో ఎప్పుడెప్పుడు లోపలికెళ్లాడో చూపించు."

సింధు తెర మీదకి తెచ్చింది. నేను పాపని ఇంకో చంకకి మార్చుకుని వంగి చూశాను. సోమవారం ఉన్నవన్నీ 'వేలు'. మంగళవారం నుంచి 'పిన్', 'పిన్', 'పిన్'. గురువారం మధ్యాహ్నం ఒకే ఒక్కచోట 'వేలు'. మళ్లీ కింద 'పిన్'.

"పిన్ నేనే ఇచ్చానండి," అంది సింధు. "మంగళవారం ఆయన వేలు పెడితే మెషిన్ 'ప్లీజ్ ట్రై అగైన్' అని ఒకటే గోల. మా నాయనమ్మకి రేషన్ దగ్గర ఇదే బాధ. వినోద్ సార్‌కి చెప్దామంటే ఆయన వైజాగ్ వెళ్లున్నారు. గురువారం పొద్దున గానీ రాలేదు. వచ్చాక చెప్పడం మర్చిపోయాను. తప్పేనంటారా?"

"చాలా మంచి పని చేశావు."

"పిన్ ఇవ్వడమా అండీ?"

"మర్చిపోవడం."

రావు గదిలో ఏసీ చలికి పాప నా భుజంలో ముఖం దాచుకుంది. బల్ల మీద ఫైలు, ఫైలు మీద బ్రౌన్ కవరు. కవరు అంటించి ఉంది. వినోద్ గారు పక్క సోఫాలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు.

"చెప్పండి అమ్మగారూ, ఏం కనిపెట్టారు?" అన్నాడు రావు.

"మంగళవారం నుంచి మార్టిన్ వేలు మెషిన్‌లో పడటం లేదు. గురువారం ఒక్కసారి పడింది. ఆ ఒక్కసారే కోడ్ మారింది. వారమంతా తెరుచుకోని తలుపు ఆ ఒక్క మధ్యాహ్నం ఎలా తెరుచుకుందో మీరు చెప్పండి."

వినోద్ గారి కాలు ఊగడం ఆగింది. ఆయనకి పిన్ సంగతి తెలియడం అప్పుడే అని నాకు తర్వాత అర్థమైంది.

"చాలా తేలిక," అన్నాడు రావు. "వేలు ఎప్పుడూ బాగానే ఉంది. దొంగపని చేసేముందు రెండు రోజులు పడనట్టు నటించాడు. పని అయ్యాక, పట్టుబడతానని తెలిశాక, శుక్రవారమో శనివారమో కావాలని సొన పూసుకున్నాడు. అంతే."

"తోలు ఊడి ఆరు రోజులైందో రెండు రోజులైందో చూస్తే తెలీదా?"

"నేను డాక్టర్ని కాదు. మీరూ కాదు. మెషిన్ అబద్ధం చెప్పదు. అటు ఆదివారమే సొన పడిందని చెప్పే మనిషి ఎవరైనా ఉన్నారా?"

ఉంది. మా సవరమ్మ పెద్దమ్మ. ఆరోజు తోటలో ఈయన చేతికి కొబ్బరినూనె రాసింది తనే. ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాను.

"ఏమ్మాయ్, మీ ఆయన్ని వదిలిపెట్టారా ఆ కుంకలు?" అంది, స్పీకర్లో ఉందని చెప్పేలోపే.

రావు గొంతు సవరించుకున్నాడు. జగదాంబ గారు ఫోన్ దగ్గరికి వంగారు. "ఆ కుంకలు ఇక్కడే వింటున్నారమ్మా. అటు ఆదివారం మార్టిన్ చేతికి ఏమైంది?"

"ఏమవుద్దండి. సొన. తొడిమ నీకేసి పెట్టుకుని విరవమాకయ్యా, అవతలికి పెట్టి విరువు అని చెప్తానే ఉన్నా. వింటేగా. సాయంత్రానికి చెయ్యి ఎర్రగా అయింది. నూనె నేనే రాసా."

"ఇప్పుడు ఎక్కడున్నారు మీరు?"

"చాట్రాయి దగ్గర షెడ్డులో. కాయలకి కాపలా. పేరుకి రేకుల షెడ్డండి, పడుకుని పైకి చూస్తే ఆకాశం కనపడద్ది. నిన్న ఎవరో ఇనప డబ్బాలు తెచ్చి ఓ మూల దింపిపోయారు. అప్పట్నుంచి ఒకటే వెల్లుల్లి వాసన. ఎవరు ఆవకాయ కలిపారో ఏమో, నాకు ముద్ద పెట్టిన పాపాన పోలేదు. ఉండండి, చుట్ట ముట్టించుకుని మాట్లాడతా."

జగదాంబ గారు కూడా నవ్వేశారు. నవ్వనిది రావు ఒక్కడే.

"పెళ్లాం తరఫు చుట్టాల సాక్ష్యం," అన్నాడు ఫోన్ పెట్టేశాక. "ఇది ఎవరు నమ్ముతారు? మెషిన్ మార్టిన్ పేరు చెప్పింది."

"మెషిన్ పేరు చెబుతుంది రావు గారూ. వేలు ఎవరిదో చెప్పదు. ఒక పేరు కింద రెండు వేళ్లు ఎక్కించుకోవచ్చు. రెండోది ఎవరిదో చూద్దాం. ఈ ఆఫీసులో వాళ్లందరివీ పదేసి వేళ్లు, మీ ఎదురుగానే, మెషిన్ మీద పెట్టిద్దాం. ఏ వేలికి మార్టిన్ పేరొస్తే ఆ వేలు దొంగ. ఏ వేలికీ రాకపోతే నేను ఏలూరు వెళ్లి ఆవకాయ పెట్టుకుంటాను."

రావు నవ్వాడు. అది ఆయనకి నచ్చింది. "రాసిస్తారా?"

"మాటిస్తాను, చాలదా? కాకపోతే ఇప్పుడు కాదు. భోజనాలయ్యాక. ఈ అమ్మాయి పొద్దున్నుంచి ఏమీ తినలేదు. సొన పడిన వేలు మెషిన్‌కి తెలీదు కదా, అందుకే మార్టిన్‌ని మాత్రం లెక్కలోంచి తీసేద్దాం."

ఆ చివరి మాట ఆవిడ కొంచెం గట్టిగా అన్నట్టు నాకనిపించింది.

వరండాలో కూర్చుని పాపకి పాలిచ్చి, నేను రెండు ముద్దలు పెరుగన్నం తిన్నాను. ఎండ ఉన్నట్టుండి తగ్గిపోయి పడమట నల్లగా మబ్బు పట్టింది. జగదాంబ గారు టిఫిన్ బాక్సు మూత పెట్టి గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నారు.

"ఇప్పుడే చేయించెయ్యొచ్చు కదండీ," అన్నాను. "గంట టైమిస్తే దొంగ పారిపోతాడేమో."

"పారిపోతే తనే దొంగనని చెప్పుకున్నట్టు. తెలివిగలవాడు పారిపోడు, ఏదైనా చేస్తాడు." కళ్లు తెరవకుండానే అన్నారు. "వాడేం చేస్తాడో చూడాలనే ఈ పెరుగన్నం."

భోజనాల తర్వాత అందరూ మా ఆయన బల్ల చుట్టూ చేరారు. లెక్కలో లేకపోయినా ముందు మా ఆయన్ని పెట్టమన్నారు. ప్లీజ్ ట్రై అగైన్. మళ్లీ పెట్టారు. ప్లీజ్ ట్రై అగైన్. సింధు పెట్టింది, పది వేళ్లూ. కుడి బొటనవేలికి సింధు అని వచ్చింది, మిగతా తొమ్మిదింటికీ ట్రై అగైన్. రావు కూడా పంతానికి తన పది వేళ్లూ పెట్టాడు. అన్నిటికీ ట్రై అగైన్.

"అదేంటి రావు గారూ, ఒక్క వేలు కూడా నచ్చలేదు దానికి," అన్నారు జగదాంబ గారు.

అప్పుడు వచ్చారు వినోద్ గారు. ఎడమ చేతికి తడి రుమాలు చుట్టి ఉంది.

"సారీ అండి, ఆలస్యమైంది. కింద ప్యాకింగ్ దగ్గర కాయ తీసి చూస్తుంటే సొన చిమ్మింది." రుమాలు విప్పారు. బొటనవేలి మెత్త ఎర్రగా కమిలి ఉంది. "ఈ వేలు ఇంక మీ మెషిన్‌లో పడుతుందో లేదో. మిగతావన్నీ పెడతాను."

పెట్టారు. కుడి బొటనవేలికి వినోద్ అని వచ్చింది. మిగతా ఎనిమిదింటికీ ట్రై అగైన్.

గోడ మీద గడియారం వైపు చూడకుండా ఉండటానికి పాప జుట్టు సవరించాను.

"అయిపోయిందండీ అమ్మగారూ," అన్నాడు రావు. "ఏలూరు బస్సు ఎన్నింటికి?"

జగదాంబ గారు వినోద్ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, గాజుల బేరం చూసినట్టు తిప్పితిప్పి చూశారు.

"బాబూ, మీది కుడిచేతి వాటమేనా?"

"అవునండి."

"కాయ కుడి చేత్తో పట్టుకున్నారు. సొన ఎడమ చేతి మీద చిమ్మింది. పోనీ చిమ్మిందే అనుకుందాం. చిమ్మిన సొన మణికట్టు మీద పడాలి, వేళ్ల సందుల్లోకి కారాలి, చొక్కా చేతి మీద మరక పడాలి. మార్టిన్ చెయ్యి చూడండి, ఎక్కడెక్కడ ఉన్నాయో మచ్చలు. మీ చెయ్యి కడిగిన ముత్యంలా ఉంది. ఒక్క బొటనవేలి మెత్త మీద మాత్రం, బొట్టు పెట్టినట్టు గుండ్రంగా. సొనకి అంత మర్యాద ఎప్పుడొచ్చింది?"

"నాకేం తెలుసండి, ఎలా పడితే అలా..."

"మూడేళ్లుగా ఇక్కడ మేనేజరు. కాయని చేత్తో ముట్టుకోగా ఎప్పుడైనా చూశావామ్మా సింధూ?"

"ప్లేట్లో ముక్కలు కోసిస్తే ఫోర్కుతో తింటారండి," అంది సింధు. అని నాలిక కరుచుకుంది.

రావు ఇప్పుడు ఫైలు చూడటం లేదు. వినోద్ వేలు చూస్తున్నాడు. పరిశోధన ఎంత తప్పుదారిలో చేసినా మనిషి మూర్ఖుడు కాదు. నెమ్మదిగా అన్నాడు, "చెయ్యి సబ్బుతో కడుక్కుని రండి వినోద్. నేనూ వస్తాను పంపు దాకా."

"కాలిందండీ, పడదు అంటున్నానుగా."

"పడకపోతే మీకే మంచిది."

పంపు దగ్గర నుంచి వచ్చాక జగదాంబ గారే మెషిన్ ఆయన ముందుకి జరిపారు. గొంతు ఎంత మెత్తగా ఉందంటే, జ్వరం వచ్చిన పిల్లాడికి మందు తాగిస్తున్నట్టుంది.

"సొన గురించి మీకు సగమే తెలుసు బాబూ. పడిన రోజు మంటే. గీతలు అలాగే ఉంటాయి. బొబ్బలెక్కి, తోలు ఊడేదాకా ఎక్కడికీ పోవు. మార్టిన్‌కి మర్నాడు కూడా వేలు పడింది, ఆ మర్నాడే మానేసింది. మీరు గంట కిందట రాసుకున్నారు. నేను గంటే టైమిచ్చాను. పెట్టండి."

వినోద్ చెయ్యి లేవలేదు. రావు ఆ మణికట్టు పట్టుకుని వేలు అద్దం మీద పెట్టాడు.

మెషిన్ ఒక్క క్షణం ఆలోచించింది.

"థాంక్యూ," అంది.

సింధు తెర వైపు వంగింది. చదివి, నా వైపు తిరిగింది. "మార్టిన్ అని వచ్చిందండి."

మా ఆయన కూర్చున్న కుర్చీ చేతిని పట్టుకుని ఉండిపోయారు. నేను వెళ్లి పాపని ఆయన ఒళ్లో పెట్టాను. 'నాన్న' అంటుందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. అనలేదు. ఆయన చొక్కా గుండీ నోట్లో పెట్టుకుని చీకింది. నాకు అదే చాలు.

"చేరినరోజు ఎలా పెట్టాలో చూపిస్తానని, అతని పేరు కింద నీ వేలే ఎక్కించావు," అన్నారు జగదాంబ గారు. "కోడ్లు మారే రోజుల కోసం కాచుకున్నావు. కానీ మంగళవారం నువ్వు ఊళ్లో లేవు. వేలి తోలు ఊడిన సంగతి ఎవరూ చెప్పలేదు. తెలిసి ఉంటే నువ్వు కూడా పిన్నే వాడేవాడివి, నేను ఏలూరులో ఆవకాయ పెట్టుకునేదాన్ని."

రావు బల్ల మీది బ్రౌన్ కవరు తీశాడు. "దీంట్లో పేరు మార్చాలి," అన్నాడు.

"కొత్తది రాసుకోండి. అది పాపకివ్వండి. చింపడం దానికి బాగా వచ్చు."

ఇచ్చాడు. షాలోమి రెండు చేతులా పట్టుకుని ముందు ఒక మూల కొరికింది, తర్వాత చింపింది. చింపిన ముక్క చూసి పకపక నవ్వింది. సింధు నవ్వింది. మా ఆయన నవ్వుతూ కళ్లు తుడుచుకున్నారు. రావు జగదాంబ గారి ముందు నిలబడి, "ఆవకాయ మాట వెనక్కి తీసుకుంటున్నానండి," అన్నాడు. "తీసుకోకండి, ఒక జాడీ పంపిస్తాను," అన్నారావిడ. మూడు రోజుల నుంచి నా గుండె మీద కూర్చున్నది ఏదో లేచి వెళ్లిపోయింది. సరిగ్గా అప్పుడే బయట వాన మొదలైంది. కిటికీలోంచి చల్లటి గాలి, మట్టివాసన. దేవుడు కూడా ఆనందపడ్డాడనుకున్నాను.

"ఇంకొక్క పని," అన్నారు జగదాంబ గారు. "ఆ రెండో వేలితో ఇంకేమైనా తెరిచాడేమో చూడు సింధూ."

మేనేజర్ లాగిన్‌లో తప్ప ఆ వివరం కనపడదట. వినోద్‌ చేత రావు తెరిపించాడు. మార్టిన్ పేరు కింద మా ఆయన వేలు, ఆ రెండో వేలు విడివిడిగా వచ్చాయి. రెండో వేలు గురువారం ఒకసారి. అంతకు ముందు వారం ఇంకోసారి. అప్పుడు కూడా అదే కార్బైడ్, అదే కొత్త కోడ్. ఆ సరుకుని ఎవరూ ఆపలేదు. ఎవరూ పట్టుకోలేదు.

"ఎక్కడుంది అది?" అన్నాడు రావు.

వినోద్ తల దించుకున్నాడు. "ఇంక కాయల మధ్య పెట్టాలి. నిన్ననే దింపించాను. అద్దె షెడ్డు."

"ఎక్కడా అంటున్నాను."

"చాట్రాయి దగ్గర. రేకుల షెడ్డు."

జగదాంబ గారి ముఖంలో రంగు పోవడం నేను మొదటిసారి చూశాను. "వెల్లుల్లి వాసన," అన్నారు. "పొద్దున్నే చెప్పింది కదమ్మా ఆవిడ. కార్బైడ్ డబ్బా కొంచెం తెరుచుకున్నా అదే వాసన. నేను నవ్వాను."

రేకుల్లోంచి ఆకాశం కనపడే షెడ్డు. డబ్బాల పక్కన చాపేసుకుని పడుకునే మనిషి. చేతిలో చుట్ట. బయట వాన ఇంకా పెద్దదైంది.

మా ఆయన అప్పటికే రావు కారు తాళాలు లాక్కుని మెట్లు దిగుతున్నారు. జగదాంబ గారు ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేస్తూ ఆయన వెనకే పరుగెత్తారు, స్పోర్ట్స్ బూట్లు ఎందుకు వేసుకుంటారో నాకప్పుడు తెలిసింది. నేను పాపని హత్తుకుని కారు వెనక సీట్లో కూర్చుని సవరమ్మ పెద్దమ్మకి ఫోన్ చేస్తున్నాను. రింగవుతోంది. ఎత్తడం లేదు. వాన చప్పుడుకి వినపడటం లేదేమో. వినపడకపోవడమే అయ్యుండాలి.

మేము వెళ్లేసరికి ఎంతసేపు పడుతుందో తెలీదు. మీలో ఎవరైనా చాట్రాయి దారిలో ఉంటే, రోడ్డు పక్కన తుప్పు రేకుల షెడ్డు కనిపిస్తే, ఆగండి. సెల్ లైటు వెయ్యొద్దు, అగ్గిపుల్ల గీయొద్దు. దూరం నుంచే సవరమ్మా అని గట్టిగా పిలవండి. చెవులు కొంచెం మందం. పలికేదాకా పిలవండి, చుట్ట పారేసి బయటికి రమ్మనండి. మీరు ఆ దారిలో లేకపోతే, మీవాళ్లు ఎవరైనా ఈ వానలో మామిడి షెడ్డులో కాపలా పడుకున్నారేమో ఒకసారి ఫోన్ చేసి చూడండి. ఎత్తేదాకా చేయండి.